పెరటి ట్రిప్పులు

ఆ ఎండాకాలం మా ఇంట్లో కూరగాయలకి కొదవ లేదు. నాకు మాత్రం వాటిని చూస్తేనే ఒళ్ళు మండేది.

ఆసుపత్రి క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే పని నాది. పొద్దున్నే వెళ్ళి బస్తా మూతి విప్పితే మధ్యాహ్నం దాకా చెక్కు తియ్యడం, కడగడం, తరగడం. కాస్త నడుం వాల్చేలోపు మళ్ళీ సాయంత్రం షిఫ్టు. వేళ్ళ నిండా వంకాయ నలుపు, గోళ్ళ సందుల్లో బంగాళాదుంప మట్టి. అంతా అయ్యాక ఈడుస్తున్న కాళ్ళతో ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుమ్మంలో బుట్ట ఒకటి ఎదురయ్యేది. దాని వెనక మా ఆయన. "ఇవాళ బెండకాయలు చూడు, ఎంత లేతగా ఉన్నాయో" అని నవ్వేవాడు. మిఠాయి కొట్టువాడికి తీపి అంటే వెగటు పుడుతుందంటారు. నా సంగతీ అంతే. అయినా బుట్ట అందుకుని, బాగున్నాయండీ అనేదాన్ని. ఆ నవ్వు చాలా రోజుల తర్వాత వచ్చింది మరి, దాన్ని పోగొట్టడం నాకిష్టం లేదు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అందరూ గడియారం అని పిలిచేవాళ్ళు. కదలాల్సిన వేళకి బండి కదలాల్సిందే, ఎక్కాల్సినవాడు సొంత బావమరిది అయినా సరే. ఇంట్లోనూ అదే వరస. స్నానం, భోజనం, నిద్ర, అన్నిటికీ టైమ్‌టేబుల్. "కడుపులో ఉన్నప్పుడూ ఇంతే. డాక్టరమ్మ చెప్పిన రోజుకి ఒక్క పూట అటూ ఇటూ కాకుండా ఊడిపడ్డాడు" అని అత్తయ్య అంటుండేది. అత్తయ్య అంటే ఆయన తల్లి. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

ఎండలు ఇంకా ముదరకముందు ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ రేజరు జారవిడిచాడు. వంగి తీసుకోబోతే కుడి చేతి వేళ్ళు ముడుచుకోలేదు. మూతి ఒక పక్కకి లాగేసింది. నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళాం. పక్షవాతం చిన్నగా తగిలింది, అదృష్టవంతులు అన్నాడు డాక్టరు. ఇందులో అదృష్టం ఎక్కడుందో నాకప్పుడు కనపడలేదు. కొన్నాళ్ళకి మూతి సర్దుకుంది, నడక సర్దుకుంది. కుడి చెయ్యి మాత్రం భుజం నుంచి మణికట్టు దాకా ఆయన మాట వినేది, వేళ్ళు వినేవి కావు. డిపోవాళ్ళు ఎండాకాలం అయ్యేదాకా సెలవిచ్చారు. ఆ తర్వాత పరీక్ష. ముందు డిపో డాక్టరు చెయ్యి పట్టి చూస్తాడు, తర్వాత డిపో ఆవరణలో బండి నడిపి చూపించాలి. నెగ్గితే మళ్ళీ ఆ సీటు, లేకపోతే తక్కువ జీతానికి గేటు దగ్గర కుర్చీ.

"గేటు దగ్గర కూర్చుని వచ్చే బళ్ళకీ పోయే బళ్ళకీ సలాం కొట్టమంటావా నన్ను?" అన్నాడు ఒకసారి. నేనేమీ కొట్టమని అనలేదు. అయినా ఆ పూట భోజనం మానేశాడు.

సెలవు జీతంతో ఇల్లు గడవదు కనక నేను సాయంత్రం షిఫ్టు కూడా ఒప్పుకున్నాను. ఈ ఎండాకాలం వరకేనని క్యాంటీన్ వంటగదిని నడిపే పెద్దక్కకి ముందే చెప్పాను. ఆయన బండెక్కిన మర్నాటి నుంచి సాయంత్రాలు నావి. కాళ్ళు చాపుకుని, ఎవరూ పలకరించకుండా, ఊరికే గోడకేసి చూస్తూ కూర్చుంటాను. ఆ కాలంలో నాకున్న కోరిక అదొక్కటే.

చెయ్యికి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. ఆయన వీధి గుమ్మంలో కూర్చుని ఆ బంతిని ఒళ్ళో పెట్టుకునేవాడు. రోడ్డు మీద బస్సు వెళ్తే తలెత్తి చేతి గడియారం చూసేవాడు. "లేటు" అనేవాడు, ఆ బంతితోనే చెబుతున్నట్టు. రోజులో రెండు మూడుసార్లయినా విసుగొచ్చి విసిరేస్తే అది ఎగిరి వీధి కాలవలో పడేది. మా మీదా చిరాకే. కూరలో ఉప్పెక్కువ, ఫ్యాను చప్పుడెక్కువ, నేను రావడం ఆలస్యం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఒకరోజు ఆ అమ్మాయి టీ తాగడానికి క్యాంటీన్‌కి వస్తే నా గోడు వెళ్ళబోసుకున్నాను. బంతి అందరికీ నచ్చదక్కా, ఇంటి వెనక మట్టి ఏమైనా ఉందా అని అడిగింది. మట్టి పిసకడం, కలుపు లాగడం, తీగ కట్టడం, అన్నీ వేళ్ళకి మంచివేనంది. ఎండ తగులుతుంది, ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది, పైగా మందులు కొట్టని కూరగాయలు తినొచ్చు అంది. అన్నేసి లాభాలు ఒక్క గుక్కలో చెప్పి టీ తాగి వెళ్ళిపోయింది.

మా అద్దె ఇంటికీ వెనక ప్రహరీకీ మధ్య కాస్త జాగా ఉండేది. ఇంటివాళ్ళు ఎప్పుడో పడేసిన ఇటుక ముక్కలు, పగిలిన సింకు, చక్రాల్లేని సైకిలు, వాటి మధ్య పిచ్చిమొక్కలు. అక్కడ కూరగాయలు వేద్దామని నేనంటే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అత్తయ్య పకపకా నవ్వింది. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదమ్మాయ్. వీడికి పెరడే వైద్యమా?" అంది. ఎందుకు ఒప్పుకున్నాడో తెలియదు, బహుశా ఆ బంతి మీద కోపంతో. మర్నాడు నేను పని నుంచి వచ్చేసరికి సైకిలూ సింకూ గోడ వారకి చేరాయి. కుడి చేతి వేళ్ళకి స్పర్శ లేదు, గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదని నేనే ఒక జత చేతి తొడుగులు కొనిచ్చాను.

ఒకసారి దిగాక ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరం? మడులు కట్టాడు. ఒక్కో మడి ఒక్కో స్టాపు. కుళాయి దగ్గర డిపో. టమాటాలు మార్కెట్టు స్టాపు, బెండ స్కూలు స్టాపు, వంకాయ ఆసుపత్రి స్టాపు, చిట్టచివర గోడవార పందిరికి పాకే బీన్సు లాస్టు స్టాపు. పొద్దున ఫస్టు ట్రిప్పు, సాయంత్రం సెకండు ట్రిప్పు. బకెట్టు నింపుకుని డిపోలో బయలుదేరేవాడు, ప్రతి స్టాపులో ఆగి చెంబుతో నీళ్ళు పోసేవాడు, లాస్టు స్టాపులో బకెట్టు బోర్లించి వెనక్కి తిరిగేవాడు. బండి తీసేముందు టైర్లు తన్ని చూసే అలవాటు కదా, పందిరి గుంజల్ని కాలితో తన్ని చూసేవాడు. ఆ దెబ్బకి ఒక గుంజ కూలిపోయింది కూడా.

నాకు సెలవైన ఒక సాయంత్రం ఆకాశానికి చిల్లు పడ్డట్టు అకాల వాన. నేను బజారు నుంచి తడిసి ముద్దయి ఇంటికొచ్చేసరికి ఆయన డ్యూటీ రెయిన్‌కోటు వేసుకుని పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

"వాన పడుతోంది కదండీ" అన్నాను.

"సెకండు ట్రిప్పు టైమైంది కదా" అన్నాడు.

కిటికీలోంచి అత్తయ్య, "ఒరేయ్, పైన దేవుడు పోస్తున్నాడు, నువ్వు కాస్త పక్కకి తప్పుకో" అంది.

"దేవుడికి టైమ్‌టేబుల్ లేదమ్మా. నాకుంది."

ఎన్ని చెప్పినా వినలేదు. నాలుగు రోజులు వాన, నాలుగు రోజులూ ట్రిప్పులే. వాన వెలిశాక చూస్తే కుళాయి పక్కన వేసిన మిరప మొక్కలన్నీ మెడలు వాల్చేశాయి, వేర్లు కుళ్ళి కంపు కొడుతున్నాయి. ఆయన వాటిని ఒక్కొక్కటీ పీకి గోడ వారన పేర్చి చాలాసేపు చూశాడు. మొక్కకి దాహం వేస్తేనే నీళ్ళు పొయ్యాలని ఆయనకి నేర్పడానికి పాపం అవి ప్రాణాలిచ్చుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ముందు మట్టిలో వేలు గుచ్చి చూసేవాడు. తడిగా ఉంటే లేచి నిలబడి, "ఇవాళ ట్రిప్పు లేదు" అనేవాడు. ఉద్యోగంలో ఒక్క ట్రిప్పు ఎగ్గొట్టని మనిషి ఆ మాట అనడం నేర్చుకోవడమే పెద్ద విశేషం.

ఎండలు బాగా ముదిరేసరికి కాపు మొదలైంది. ముందు ఆకుకూర, తర్వాత బెండ, ఆ తర్వాత ఆపినా ఆగని టమాటాలు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన లాభాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఇంట్లోకి వచ్చాయి. ఆయనకి ఆకలి పుట్టింది. పడుకున్న వెంటనే గురక పెట్టేవాడు. ఉప్పు గురించి గొడవ మానేశాడు, తాను పండించిన కూరకి వంక పెడితే తనకే చిన్నతనం కదా. మోకాళ్ళ నొప్పులని మంచం దిగని అత్తయ్య ఆకులు గిల్లడానికి పీట తీసుకుని పెరట్లోకి వెళ్ళేది, అక్కడ కూర్చుని గోడ అవతలి ఇంటావిడతో లోకాభిరామాయణం విప్పేది. ఎప్పుడూ పలకరించని ఆ ఇంటావిడ గోడ మీదుగా వంకాయలు అందుకుని కోడిగుడ్లు అందించేది. కొనే సంచి బరువు తగ్గింది. నేనైతే గిన్నె పొయ్యి మీద పెట్టే ఓపిక లేని రోజుల్లో గుమ్మంలోనే కూర్చుని ఒక టమాటా కడిగి కొరికేదాన్ని. పగటి ఎండకి ఇంకా గోరువెచ్చగా ఉండేది. క్యాంటీన్‌లో నేను బస్తాలకి బస్తాలు తరిగే దానికీ దీనికీ పేరొక్కటే, రుచిలో పోలికే లేదు. రోజంతా కూరగాయల్ని తిట్టుకునే నోరు ఆ కాసేపు ఊరుకునేది.

నేను వచ్చేసరికి ఆయన భోజనం టైమ్‌టేబుల్ ప్రకారం ఎప్పుడో అయిపోయేది. చెయ్యి ఎలా ఉందండీ అని అడిగితే బుట్ట చూపించేవాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? క్యాంటీన్‌లో అందరికీ చెప్పుకున్నాను, మట్టి మా ఆయన చెయ్యి బాగుచేసిందని. పెద్దక్క కూడా తన డాబా మీద తొట్లలో టమాటా వేసింది. ఒకటో తారీఖు నుంచి సాయంత్రానికి ఇంకో మనిషిని చూసుకోమని ఆవిడకి గుర్తుచేశాను. చూస్తానులే, నీ మొహంలో కాస్త కళొచ్చింది ఇవాళ అంది.

పరీక్షకి వారం ముందు ఆదివారం డిపో సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. మా ఆయనతో పాటే ఉద్యోగంలో చేరి పైకెళ్ళినవాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆయన అతన్ని పెరట్లో స్టాపు స్టాపుకీ ఆపి మరీ తిప్పాడు. సూపర్‌వైజరు పందిరి కింద నిలబడి బీన్సు కాయల్ని తడిమి చూశాడు, ప్రతి తీగనీ గుడ్డ పేలికతో గుంజకి ఎంత చక్కగా కట్టాడో చూసి తల ఊపాడు.

"చెల్లెమ్మా, ఇదంతా చేసిన చెయ్యికి ఇంకా పరీక్షేమిటి? డాక్టరుకి నేను చెబుతాలే. డిపోలో ఒక్క చుట్టు తిప్పి చూపిస్తే చాలు, మావాడు మర్నాడే రూటు మీద ఉంటాడు" అన్నాడు.

వెళ్ళేటప్పుడు సంచి నిండా వంకాయలు పట్టుకెళ్ళాడు. ఆ రోజు నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. సంతోషంతో నిద్ర పట్టక, పొద్దున్నే లేచి మాసిన బట్టలన్నీ ముందరేసుకుని కూర్చున్నాను. బట్టల అడుగున ఆయన చేతి తొడుగులు కనపడ్డాయి. కొన్నప్పటి నుంచీ ఆయనే దులిపి ఆరేసుకునేవాడు, అవి నా చేతికి రావడం అదే మొదలు.

ఎడమ చేతి తొడుగు బొటనవేలి దగ్గర చిరిగిపోయింది, అరచెయ్యి అరిగి దారాలు తేలాయి. కుడి చేతిది కొట్లోంచి తెచ్చినట్టే ఉంది. పైన నాలుగు మట్టి మరకలు తప్ప దానికి ఏ కష్టమూ తెలియదు.

రెంటినీ పక్కపక్కన పెట్టుకుని అలాగే కూర్చున్నాను. తర్వాత లేచి లాస్టు స్టాపుకి వెళ్ళాను. రోజూ బస్తాల మూతులు కట్టి విప్పే దాన్ని, ముడి చూస్తే ఎలా వేశారో తెలుస్తుంది. ప్రతి పేలికకీ ఒక కొస చక్కగా ఉంది, రెండో కొస నమిలినట్టు పీచుపీచుగా ఉంది. ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఎడమ చేత్తో ముడి వేశాడు. అన్నీ అంతే, ఒక్కటీ తేడా లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా వంటింటి కిటికీ పక్కన నిలబడి చూశాను. ఎడమ చేత్తో బకెట్టు, ఎడమ చేత్తో చెంబు, ఎడమ చేత్తో కలుపు. కుడి చెయ్యి ఎవరిదో వస్తువులాగా పక్కన వేలాడుతోంది. అంతలో అత్తయ్య తలుపు తీసిన చప్పుడైంది. నేననుకున్నాడు కాబోలు, ఆయన గబుక్కున కుడి చెయ్యెత్తి బకెట్టు పిడి మీద పెట్టాడు. వయసు మళ్ళిన మనిషి, ఎవరికీ అపకారం చెయ్యనివాడు, సొంత పెరట్లో దొంగలాగా.

అత్తయ్య నా పక్కకొచ్చి నిలబడింది. నేను చూస్తున్నదాన్నే చూసింది. ఆవిడకి ముందే తెలుసని నాకర్థమైంది.

"చిన్నప్పుడు వాడు ఎడమచేతివాడే" అంది మెల్లగా. "బలపం పట్టినా, బంతి విసిరినా అదే చెయ్యి. నలుగురూ నవ్వుతారని నేనే కొట్టి కొట్టి మాన్పించాను. మానేశాడనుకున్నాను. ఇన్నేళ్ళు అది లోపలే ఉందమ్మాయ్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వాడు నవ్వుతున్నాడు కదా" అంది.

ఆవిడతో పోట్లాడే ఓపిక కూడా నాకు లేకపోయింది. ఆ వారమంతా ఒక రాయి మోసుకు తిరిగినట్టు తిరిగాను. నేను నోరు మూసుకుంటే చాలు, ఆయనకి సీటొస్తుంది. సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు, డాక్టరు కాదనడు, ఒక్క చుట్టు ఎలాగో తిప్పేస్తాడు. నా సాయంత్రాలు నాకొస్తాయి. కానీ కూరలు తరుగుతుంటే ఆయన బండి కళ్ళ ముందుకొచ్చేది. స్కూలు వదిలే వేళ ఆ బండిలో నిలబడటానికి చోటుండదు. నెగ్గాలని కోరుకుందామంటే భయం, నెగ్గకూడదని కోరుకుందామంటే అంతకంటే భయం. తరిగేవి వంకాయలో దుంపలో కూడా తెలియలేదు, రెండుసార్లు వేలు కోసుకున్నాను.

పరీక్ష ముందురోజు ఒంట్లో బాగాలేదని చెప్పి సాయంత్రం షిఫ్టుకి వెళ్ళలేదు. ఆయన పందిరి కింద బీన్సు కోస్తున్నాడు. నేను వెళ్ళగానే కుడి చెయ్యి తీగ మీదికి పోయింది.

"మీ చెయ్యి రాలేదు కదండీ" అన్నాను.

ఆయన కోస్తూనే ఉన్నాడు. "ఎవరన్నారు?"

"తొడుగులు చూశాను."

కాయలు ఒక్కొక్కటీ బుట్టలో పడుతున్నాయి. కుడి చెయ్యి తీగ మీంచి మెల్లగా దిగింది.

"గేరు వేసేది ఎడమ చేత్తోనే" అన్నాడు చివరికి. "బండిలో సగం పని ఎడమ చెయ్యిదే. కుడి చెయ్యి స్టీరింగు మీద అలా ఉంటే చాలు. ఇన్నేళ్ళు నడిపినవాణ్ణి, నాకు తెలీదా?"

నాకు బండి నడపడం రాదు. కానీ పెళ్ళయిన కొత్తలో ఆయన బండిలో ముందు సీట్లో కూర్చుని, దిగే పని లేకపోయినా, ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగేదాన్ని. రోడ్డు చూసేదాన్ని కాదు, ఆయన చేతులే చూసేదాన్ని.

"ఎడమ చెయ్యి గేరు మీదికి వెళ్ళినప్పుడు బండి ఏ చేతిలో ఉంటుందండీ?" అని అడిగాను.

ఆయన బుట్ట పట్టుకుని పక్క గుంజ దగ్గరికి జరిగాడు. నేను లోపలికి వచ్చేశాను. వెళ్ళొద్దని అనలేదు. ఆ మాట ఆయన నోట రావాలే తప్ప నా నోట రాకూడదనిపించింది. అదీగాక ఆ సీటు మళ్ళీ రావాలని ఆయన కంటే నాకే ఎక్కువగా ఉంది, వెళ్ళొద్దంటే నా గొంతే నన్ను పట్టిచ్చేది.

పొద్దున ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకున్నాడు. చొక్కా బొత్తాల దగ్గర ఆగాడు. ఇన్నాళ్ళూ నేను పనికెళ్ళాక అత్తయ్య పెట్టేదట. ఆ రోజు నేను దగ్గరికి వెళ్ళి పైనుంచి కిందిదాకా పెట్టాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. ఆయన డిపో వైపు వెళ్ళాడు, నేను ఆసుపత్రి వైపు వెళ్ళాను.

ఆ రోజు బంగాళాదుంపలు. మధ్యాహ్నం భోజనాల రద్దీ అయిపోయింది, రాత్రికి కావలసిన బస్తా విప్పుకుని వెనక తలుపు దగ్గర కూర్చున్నాను. తలుపులో నీడ పడితే తలెత్తాను. యూనిఫాంలోనే ఉన్నాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఖాళీ కూరగాయల పెట్టె ఒకటి బోర్లించి నా ఎదురుగా కూర్చున్నాడు.

"డాక్టరు చెయ్యి పట్టుకుని చూశాడు" అన్నాడు. "కాస్త బలహీనంగా ఉంది, వాడుతుంటే అదే వస్తుందిలే అన్నాడు. బండి తాళం చేతికిచ్చారు. అందరూ బయటికొచ్చి నిలబడ్డారు. చప్పట్లు కూడా కొట్టారు."

నేను చేతిలో దుంప అలాగే పట్టుకుని ఉన్నాను.

"బళ్ళు కడిగే చోట మలుపుంది. గేరు మారుస్తుంటే స్టీరింగు జారింది. కొంచెమే. బ్రేకు వేశాను. బయటున్నవాళ్ళకి తెలియనే లేదు. అద్దంలో చూశాను. సీట్లన్నీ ఖాళీ. ఖాళీగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది."

"తర్వాత?"

"దిగిపోయాను. చెయ్యి రాలేదని చెప్పేశాను. మా సూపర్‌వైజరు ఒకటే పోరు, ఇంకో చుట్టు తిప్పు, ఏం కాదు అని. తాళం అతని జేబులో వేసి వచ్చాను. ఒకటో తారీఖు నుంచి గేటు దగ్గరికి రమ్మన్నారు. సరేనన్నాను" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితో వచ్చిందో, నా మీద జాలితో వచ్చిందో విడదీసి చెప్పలేను. ఆయన మంచివాడని నాకు ఎప్పుడూ తెలుసు, కానీ ఆ మంచితనం అంత బరువుగా ఎప్పుడూ అనిపించలేదు. మంచిపని చేశారండీ అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

ఆయన పీట మీదున్న కత్తి తీసుకున్నాడు. ఒక దుంపని కుడి మణికట్టుతో చెక్క మీద అదిమిపెట్టి, ఎడమ చేత్తో చెక్కు తియ్యడం మొదలుపెట్టాడు. వంటగదిలో అంతమంది అటూ ఇటూ తిరుగుతున్నారు, చూస్తున్నారు. కుడి చెయ్యిని దేని మీదా పెట్టలేదు, దేని చాటుకీ తీసుకెళ్ళలేదు. చెక్కు సన్నగా వస్తోంది. మేమిద్దరం దుంపల మీద దుంపలు గిన్నెలో వేస్తూ పోయాం.

పెద్దక్క గరిటె చేత్తో పట్టుకుని వచ్చి ఆయన్ని చూసింది. తోటాయన ఈయనేనా అని అడిగింది. అవునన్నాను. పరీక్ష సంగతి అడగబోయి, ఆయన చేతుల వైపు చూసి ఊరుకుంది. వెళ్ళబోతూ మళ్ళీ ఆగి, "ఒకటో తారీఖు నుంచి సాయంత్రానికి ఒకమ్మాయిని మాట్లాడి పెట్టాను. రమ్మని చెప్పనా?" అంది.

"వద్దక్కా. నేనే వస్తాను" అన్నాను.

ఆ మాట ఆయన కూడా విన్నాడు. చేతిలో కత్తి ఆగింది. తలెత్తకుండానే బస్తాలోంచి ఇంకో దుంప తీసుకున్నాడు.